నెట్ స్లోనా, కంప్యూటర్ స్లోనా? డబ్బులు పెట్టేముందు ఇది తేల్చుకోండి

మా అక్కవాళ్ళది వరంగల్ కరీమాబాద్. బిడ్డ డిగ్రీ అడ్మిషన్ కోసం దోస్త్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో ఫోన్ చేసి "తమ్మీ, నెట్ అస్సలు వస్తలేదురా, రేపే లాస్ట్ డేట్" అని ఒకటే టెన్షన్. అప్పటికే బావ నెట్ ఆయనతో మాట్లాడి 50 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేయించి 200ది వేయించాడు. నెల బిల్లు పెరిగింది కానీ పేజీ తెరుచుకోవడానికి మళ్ళీ అంతే టైమ్. నేను వెళ్ళి అదే వైఫై మీద అక్క ఫోన్‌లో అదే పేజీ పెడితే వెంటనే వచ్చేసింది. అంటే నెట్ బాగానే ఉంది, కంప్యూటర్‌లోని పాత హార్డ్ డిస్కే లాగలేకపోతోంది. ఆ రాత్రికి ఆప్షన్లు ఫోన్‌లోనే పెట్టించాను.

మన ఇళ్ళల్లో ఏది ఆగినా నెట్ స్లో అనేస్తాం. నిజానికి లోపం కంప్యూటర్‌లో ఉండొచ్చు, ఇంట్లోని వైఫైలో ఉండొచ్చు, బయట స్తంభం నుంచి వచ్చే లైన్‌లో ఉండొచ్చు. అది ఎక్కడుందో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. కంప్యూటర్‌లో సతాయిస్తున్న పేజీనే అదే వైఫైతో ఫోన్‌లో తెరవండి (మొబైల్ డేటా ఆపేసి, లేకపోతే పరీక్షకు అర్థం లేదు). ఫోన్‌లో చకచకా వస్తే కంప్యూటర్‌ని చూడాలి. ఫోన్‌లోనూ రాకపోతే రూటర్ పక్కనే నిలబడి మళ్ళీ చూడండి, అక్కడ బాగా వచ్చి లోపలి గదిలో రాకపోతే వైఫై, అక్కడ కూడా రాకపోతే లైన్.

కంప్యూటర్ అని తేలితే ముందు ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుంది కదా అనుకోకండి. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అనేది ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు, రీస్టార్ట్‌తోనే మొదలవుతుంది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసగా శాతాలు కనిపిస్తాయి, ఏది 100 దగ్గర కూర్చుందో చూడండి. ఆన్ చేసిన పది నిమిషాల తర్వాత కూడా, మీరు ఏమీ తెరవకుండానే డిస్క్ 100 దగ్గరే ఉందంటే చాలా వరకు పాత తిరిగే హార్డ్ డిస్క్ వల్లే. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) వేయించడం కంటే పాత కంప్యూటర్‌కు చేసే మేలు ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. తిరిగే డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 150 ఎంబీ చదివితే మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాకా చదువుతుంది, అదీ వరుసగా ఉన్న పెద్ద ఫైల్ విషయంలో. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు అక్కడా ఇక్కడా వెతుక్కోవాలి, పాత డిస్క్ ముల్లు ప్రతిదానికీ జరిగి జరిగి చదవాలి, తేడా అంతా అక్కడే తెలుస్తుంది. అక్క కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ వేయించాక ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చే అలవాటు పోయింది.

షాపుకు ఇచ్చేముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, పాస్‌బుక్ స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోనో బయటి డిస్క్‌లోనో వేసుకోండి. పాత డిస్క్ టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంటే ఇంకేమీ ముట్టుకోకుండా మొదట ఆ పని చేయండి, ఎందుకంటే అది ఆగిపోతే తిరిగి రాబట్టడానికి అయ్యే ఖర్చుతో కొత్త డిస్క్‌లు రెండు మూడు వస్తాయి.

మెమరీ 90 దగ్గర ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీతో క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి పక్కన పిల్లల ఆన్‌లైన్ క్లాసు నడిపితే ఏ కంప్యూటరూ లాగలేదు, 8 జీబీ చేయిస్తే ఇంటి పనికి హాయిగా సరిపోతుంది. కొనేముందు మీ ర్యామ్ రకం డీడీఆర్3నా డీడీఆర్4నా అన్నది చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే చోట, ఆన్ చేయగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములు ఉంటాయి, మీకు అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటికి చాలు.

సీ డ్రైవ్ నిండిపోయినా కంప్యూటర్ మూలుగుతుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్ళి టెంపరరీ ఫైల్స్ తీసేయొచ్చు, కానీ ఆ లిస్టులోనే డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది. దానికి టిక్ పెట్టారో మీ సేవలో తీసుకున్న కులం సర్టిఫికెట్, హాల్ టికెట్ అన్నీ పోతాయి. జాగ్రత్త.

మన వైపు ఎండల సంగతి ఒకటి చెప్పాలి. మే నెలలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు దుమ్ము పట్టిన క్యాబినెట్‌లో ప్రాసెసర్ ఉడికిపోతుంది, ఒక హద్దు దాటగానే కాలిపోకుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం నత్తలా నడిచే కంప్యూటర్లలో చాలా వాటి జబ్బు ఇదే. ఎనుమాముల మార్కెట్ వైపు ఒక షాపులో క్యాబినెట్ తెరిస్తే ఫ్యాన్ రెక్కల మీద దూది పొరలా పేరుకుని ఉంది, పత్తి మార్కెట్ కదా. ప్లగ్ పీకేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో కొట్టండి. ఏళ్ళ తరబడి తెరవని దానికి ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ కూడా మార్పించండి.

పాత సిస్టమ్‌కు ఖర్చు పెట్టేముందు ఇంకో లెక్క కూడా ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లు మైక్రోసాఫ్ట్ చెప్పే విండోస్ 11 లిస్టులో దాదాపు ఉండవు. అలాంటి దానిలో బ్యాంకు పనులు చేసేవాళ్ళు కొత్తది కొనడమో, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ లాంటిది వేయించుకోవడమో ఆలోచించాలి.

ఇక వైఫై. చాలా ఇళ్ళల్లో రూటర్ టీవీ వెనకో, బీరువా పక్కనో ఉంటుంది. ఇనుము సిగ్నల్‌కి అడ్డుపడుతుంది. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తుకు పైన పెట్టించండి. పేరు చివర 5జీ అని ఇంకో వైఫై కనిపిస్తే అది 5 గిగాహెర్ట్జ్‌ది, అదే గదిలో వేగం బాగుంటుంది కానీ గోడలు దాటితే బాగా తగ్గిపోతుంది. దూరం గదికి 2.4 వెళ్తుంది, కాకపోతే హన్మకొండలో గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్ళల్లో చుట్టూ అందరివీ అదే దారిలో తోసుకుంటాయి. రూటర్ సెట్టింగ్స్‌లో చానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది పెట్టండి. కంప్యూటర్ కదలకుండా ఒకే చోట ఉండేదైతే లాన్ వైరు లాగేయడమే మంచిది. వేగం చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి, 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే ఫైల్ దిగేటప్పుడు సెకనుకు సుమారు 12 ఎంబీ కనిపిస్తుంది, ప్లాన్‌లో లెక్క బిట్లలో ఉంటుంది, ఫైల్ లెక్క బైట్లలో, ఎనిమిదింటికి ఒకటి. మోసం కాదది.

నెట్ వస్తూ పోతూ ఉంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, స్పేస్ ఇచ్చి 192.168.1.1 రాసి, మళ్ళీ స్పేస్, అడ్డగీత, టి కొట్టి ఎంటర్ నొక్కండి. అది చాలా రూటర్ల అడ్రస్, మీది వేరైతే బాక్సు కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఇంకో విండోలో అదే పని 8.8.8.8కి (బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్ అది) చేయండి. మొదటి దాంట్లోనే టైమ్‌డ్ అవుట్ అని వస్తుంటే మీ వైఫై, మొదటిది సాఫీగా నడుస్తూ రెండోది తెగుతుంటే లైన్. రెండూ బాగుండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే సైట్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్‌ని 1.1.1.1కి మార్చి చూడండి.

లైన్ అయితే ఫైబర్ బాక్సు మీది లైట్లు చూడండి. పాన్ (PON) అన్నది ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి, లాస్ (LOS) అన్న చోట ఎర్ర లైటు వస్తే బాక్సుకు వెలుగు అందడం లేదు. తలుపు సందులో వైరు నలిగిందా, మలుపు దగ్గర మరీ మడత పడిందా చూసుకోండి. మా వీధిలో అయితే ముందు డాబా ఎక్కి చూస్తాను, కోతులు వైరు పట్టుకుని ఊగుతాయి, కొరుకుతాయి. డాబా మీద వైరును పీవీసీ పైపులో వేయించుకున్నాక నాకు ఆ బాధ తప్పింది. ఊడిన ఫైబర్ కొనలోకి మాత్రం కన్ను పెట్టి చూడకండి, ఆ లేజర్ కంటికి కనిపించదు కానీ కంటికి హాని.

కరెంటు పోతే నెట్ పోయేవాళ్ళు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉంటే ఫైబర్ లైన్ నడుస్తూనే ఉంటుంది, మధ్యలో వెలుగును పంచే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు. కానీ స్తంభం మీద నెట్‌ను ఇళ్ళకు పంచే స్విచ్ నుంచి మీ ఇంటికి లాన్ వైరు వచ్చేటట్టయితే ఆ స్విచ్ ఆగగానే అంతా ఆగుతుంది, మీ యూపీఎస్ పనికిరాదు. పైగా ఉరుములు మెరుపుల వానలో ఆ రాగి వైరు గుండా వచ్చే షాక్‌కు పోర్టులు కాలిపోతాయి, గాలివాన మొదలవగానే ఆ వైరు, అడాప్టరు రెండూ పీకేయండి. రూటర్ దానంతటదే ఆగి మళ్ళీ లేస్తుంటే కూడా ముందు అడాప్టర్ మార్చి చూడండి.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోండి, పని కాకపోతే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్ళడానికి అదే ఆధారం. లైన్ చూసే అన్న వచ్చినప్పుడు "అన్నా, పవర్ రీడింగ్ ఎంత ఉంది?" అని మీటర్ పెట్టించి అడగండి. ఫైబర్‌లో వెలుగు ఎంత అందుతోందో చెప్పే లెక్క అది, మైనస్ 20కి అటూ ఇటూ ఉంటే మంచిదే, మైనస్ 27 దాకా పడిపోయిందంటే జాయింటో, వైరో చూసి సరిచేయాలి. పని అయింది అనగానే పంపించేయకండి, 8.8.8.8కి పింగ్ పెట్టి, ఆయనకు ఒక చాయ్ ఇచ్చి, పది నిమిషాలు ఆ విండో వైపు చూడండి. ఒక్కటి కూడా తెగకపోతేనే కంప్లైంట్ మూసేయమని చెప్పండి.