సముద్రపు నీటిలో స్టెయిన్‌లెస్ స్టీలును ఎలా కాపాడుకోవాలి?

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా నిలబడేది దానిపై తనంతట తానే ఏర్పడే, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే క్రోమియం ఆక్సైడు పొర వల్ల. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల మేర ఉండే క్లోరైడు సరిగ్గా ఆ పొరనే దెబ్బతీస్తుంది.

అందుచేత మొదట నీటి తీరు చూడండి. శుభ్రమైన నీరు కదా, భయం లేదనుకోవడం సరికాదు. అందులోని సూక్ష్మజీవులు లోహంపై జిగురు పొరగా పేరుకుని దాని విద్యుత్ పొటెన్షియల్‌ను పెంచుతాయి, దాంతో సందుల్లో తుప్పు సులువుగా మొదలవుతుంది. మురుగు కలిసిన నీటిలో ఆక్సిజన్ తగ్గి, బ్యాక్టీరియా సల్ఫేటు నుంచి సల్ఫైడును తయారుచేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన, నల్లని బురద దానికి ఆనవాళ్లు. ఆక్సిజన్ లేనంతసేపు తుప్పు మందగించవచ్చు గానీ, సల్ఫైడు నీరూ ఆక్సిజన్ ఉన్న నీరూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చోట, దెబ్బతిన్న పొర మళ్లీ కుదురుకోలేక నష్టం ఎక్కువవుతుంది.

తర్వాత గ్రేడు నిర్ణయించండి. మాలిబ్డినం శాతాన్ని 3.3తోనూ, నైట్రోజన్ శాతాన్ని 16తోనూ గుణించి క్రోమియం శాతానికి కలిపితే పిట్టింగ్‌ను (అంటే లోహంలో చిన్న గుంటలుగా పడే తుప్పును) తట్టుకునే సామర్థ్యానికి ఒక సూచిక వస్తుంది. స్టీలు గ్రేడుల్లో అది 316కు దాదాపు 24, డూప్లెక్స్ 2205కు దాదాపు 35, సూపర్ డూప్లెక్స్ 2507కు 40కి పైన. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే భాగాలకు 40 దాటినదే మేలు. సముద్రపు గ్రేడుగా పేరుపడ్డ 316, వానకు కడుక్కుపోయే రెయిలింగులకు సరిపోతుందే తప్ప మునిగి ఉండే జాయింట్లకు కాదు.

అసలు జాగ్రత్తంతా ఆ జాయింట్ల దగ్గరే ఉండాలి. వాషరు కింద ఇరుక్కున్న నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, కరిగిన లోహం ఆ నీటిని ఆమ్లంగా మారుస్తుంది, బయటి క్లోరైడు లోపలికి చేరుతుంది. బోల్టు అంచున సన్నని గోధుమరంగు మరక మాత్రమే కనబడుతున్నా, కింద లోతైన గుంట పడి ఉండవచ్చు. కాబట్టి డిజైనులోనే సందులు తగ్గించండి, గ్రాఫైటు గ్యాస్కెట్లు వాడకండి, వెల్డింగు వద్ద మిగిలిన నీలి, గోధుమ రంగు చారలను పిక్లింగ్‌తో (ఆమ్లంతో శుభ్రం చేసే పద్ధతితో) పూర్తిగా తీసివేయించండి.

పైపుల్లో నీరు సెకనుకు కనీసం 1 మీటరు వేగంతో కదిలేలా చూస్తే బురద పేరుకోదు. పరీక్ష కోసం నింపిన సముద్రపు నీటిని లోపలే వదిలేయడం చాలా హానికరం. పని ఆపిన వెంటనే ఖాళీ చేసి, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. మునిగి ఉండే చోట 316 తప్పనిసరైతే జింకు లేదా అల్యూమినియం ఆనోడ్లు (స్టీలుకు బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు) బిగించండి. అవి స్టీలును నేరుగా తాకాలి, వాటిపై రంగు వేయకూడదు.