ఇంటర్వ్యూలో మీ గురించి అడిగితే ఎలా చెప్పాలి?

సివిల్స్ ఇంటర్వ్యూకి పిలుపు రాగానే పిల్లలు పేపర్లు ముందేసుకుని కూర్చుంటారు. బడ్జెట్ లెక్కలు, కోర్టు తీర్పులు అన్నీ నోటికి వచ్చేస్తాయి. తీరా "మీ ఊరి గురించి చెప్పండి" అంటే నోరు పెగలదు. మాక్ ఇంటర్వ్యూల్లో ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. 275 మార్కుల ఆ ఇంటర్వ్యూలో మీకు అందరికంటే బాగా తెలిసిన విషయం మీరే కదా!

ఇంటర్వ్యూ చేసే బోర్డు ముందు మీ మెయిన్స్ (రాత పరీక్ష) మార్కులు ఉండవు. మీరు నింపిన వివరాల దరఖాస్తు, అందరూ డాఫ్ అనేది, ఉంటుంది. చాలా ప్రశ్నలు అందులోంచే పుడతాయి.

1. డాఫ్ ప్రింట్ తీసి గీతలు గీయండి

పేరు, ఊరు, కాలేజీ, చేసిన ఉద్యోగం, హాబీ... ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. మీ పేరు కృష్ణవేణి అనుకుందాం. అర్థం అడుగుతారు. అక్కడి నుంచి నది పుట్టిన మహాబలేశ్వర్‌కి, ఆపైన రాష్ట్రాల మధ్య నీళ్ల తగాదాకి, ఆ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన 811 టీఎంసీలకి వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. ప్రతి మాటనీ ఇలాగే మూడు నాలుగు ప్రశ్నల దూరం లాగి చూసుకోండి.

2. ఊరి గురించి మీ కళ్లతో చూసింది చెప్పండి

"మాది పోచంపల్లి, చీరలకు ప్రసిద్ధి" అని ఎవరైనా చెప్తారు. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననడంతో భూదానోద్యమం మొదలైంది అక్కడే అని తెలిసుండాలి, నిజమే. కానీ మీ వీధిలో చిన్నప్పుడు ఎన్ని మగ్గాలు ఆడేవి, ఇప్పుడెన్ని ఉన్నాయి, ఆ ఇళ్ల పిల్లలు ఏ పనుల్లోకి వెళ్లారు? ఇది పుస్తకాల్లో దొరకదు. తెలియకపోతే ఒక పూట ఊళ్లో తిరిగి, పెద్దవాళ్లను అడిగి రండి.

3. చేయని హాబీ రాయకండి

"పుస్తకాలు చదవడం" అని రాస్తే, చివరగా ఏది చదివారని అడుగుతారు. ముగ్గులు వేయడం నిజంగా ఇష్టమైతే అదే రాయండి. మెలికల ముగ్గుకీ మామూలు చుక్కల ముగ్గుకీ తేడా చెప్పేటప్పుడు మీ ముఖంలో వచ్చే వెలుగు బోర్డుకీ కనిపిస్తుంది.

4. దాచాలనిపించే వాటిని ముందే తేల్చుకోండి

అన్నిటికంటే టెన్షన్ ఇక్కడే. డిగ్రీ తర్వాత మూడేళ్ల ఖాళీ, ఫెయిలైన సబ్జెక్టు, ఇంటి పరిస్థితి. "మూడేళ్లూ ఈ పరీక్షకే చదివానండి, రెండుసార్లు ప్రిలిమ్స్ పోయింది, మూడోసారి చదివే పద్ధతి మార్చుకున్నాను" అంటే సరిపోతుంది. ఏం మార్చారో మాత్రం సిద్ధంగా ఉంచుకోండి, తర్వాతి ప్రశ్న అదే.

"నాన్నగారు ఆటో నడుపుతారు" అని చెప్పేటప్పుడు గొంతు తగ్గించే పిల్లల్ని చూశాను. దయచేసి తగ్గించకండి. అలాగని కష్టాలన్నీ ఏకరువు పెట్టి జాలి కోసం చూడకండి. మామూలు గొంతుతో ఒక్కసారి చెప్పి ఆగండి.

5. గట్టిగా మాట్లాడి చూసుకోండి

జవాబులు బట్టీ పట్టొద్దు, అప్పజెప్తున్నారని ఇట్టే తెలిసిపోతుంది. ముఖ్యమైన మాటలు మాత్రం గుర్తుపెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మెయిన్స్ తెలుగులో రాసినవాళ్లు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు. అప్పుడు మధ్యలో అనువాదకులు ఉంటారు కాబట్టి, చిన్న చిన్న వాక్యాల్లో ఆగి ఆగి చెప్పడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున, అది జరిగే ఢిల్లీలోని ధోల్పూర్ హౌస్‌కి బయల్దేరే ముందు పేపర్‌తో పాటు డాఫ్ కూడా ఇంకోసారి చదవండి.