ఇంగ్లిష్ వాక్యాలు కలుపుదాం - 4వ పాఠం: ఆల్‌దో పెడితే బట్ ఎందుకు?

పోయిన పాఠంలో అండ్, బట్, ఆర్, సో చూశాం. అవి రెండు వాక్యాలనూ సమానంగా చూస్తాయి. ఈసారి ఆల్‌దో (అయినా), బికాజ్ (ఎందుకంటే). వీటి పద్ధతి వేరు. ఇవి తగిలిన వాక్యం ఇక ఒంటరిగా నిలబడలేదు. "బికాజ్ ఐ వజ్ సిక్." అని రాసి ఫుల్‌స్టాప్ పెడితే, చదివేవాళ్లు "అయితే ఏంటి?" అని మిగతా సగం కోసం ఎదురుచూస్తారు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, తెలుగులో కలిపే ముక్క మొదటి వాక్యం చివర్న వస్తుంది. "అలసిపోయినా పని పూర్తి చేశాడు", "వాన పడుతోంది కాబట్టి లోపలే ఉన్నాం". ఇంగ్లిష్‌లో ఆల్‌దో, బికాజ్ వాక్యానికి ముందే వచ్చి కూర్చుంటాయి. అలా ముందు పెట్టేశాక, మధ్యకి వచ్చేసరికి మనకి ఏదో వెలితిగా అనిపించి, తెలుగు అలవాటు కొద్దీ అక్కడ ఇంకోటి కూడా వేసేస్తాం:

"ఆల్‌దో హి వజ్ టైర్డ్, బట్ హి ఫినిష్డ్ ద వర్క్."
"బికాజ్ ఇట్ వజ్ రెయినింగ్, సో వి స్టేడ్ ఇన్‌సైడ్."

రెండూ తప్పే. "అలసిపోయినా కానీ" అంటే తెలుగులో ఎవరూ పట్టించుకోరు గానీ ఇంగ్లిష్ ఒప్పుకోదు. రెండు వాక్యాలకి కలిపే మాట ఒక్కటే. ఆల్‌దో ఉంచితే బట్ తీసేయండి, బట్ ఉంచితే ఆల్‌దో తీసేయండి, ఏది తీసినా వాక్యం నిలుస్తుంది. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే చాలు, మీ ఇంగ్లిష్ వెంటనే శుభ్రపడుతుంది, నా మాట నమ్మండి.

కామా గురించి టెన్షన్ వద్దు. ఆల్‌దో వాక్యం ముందొస్తే అది ముగిసిన చోట కామా పెట్టండి. బికాజ్ వాక్యం రెండోదిగా వస్తే మామూలుగా కామా అక్కర్లేదు: "వి స్టేడ్ ఇన్‌సైడ్ బికాజ్ ఇట్ వజ్ రెయినింగ్."

ఆల్‌దో అర్థానికే డిస్పైట్ కూడా ఉంది, కానీ దాని వెనక పూర్తి వాక్యం రాదు. "డిస్పైట్ ద రెయిన్" అనాలి, లేదా "డిస్పైట్ బీయింగ్ టైర్డ్" అనాలి. "డిస్పైట్ హి వజ్ టైర్డ్" కుదరదు. దాని పక్కన ఆఫ్ కూడా పెట్టకండి, ఆఫ్ వచ్చేది ఇన్ స్పైట్ ఆఫ్‌లోనే.

హౌఎవర్‌ది ఇంకో తీరు. చాలామంది దాన్ని బట్ లాగే రెండు వాక్యాల మధ్య కామాలతో ఇరికిస్తారు. అలా కాదు, మొదటి వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టాలి: "హి వజ్ టైర్డ్. హౌఎవర్, హి ఫినిష్డ్ ద వర్క్." కబుర్లలో బట్ చాలు, హౌఎవర్‌ని ఉత్తరాలకీ రిపోర్టులకీ దాచుకోండి.

ఇక మీ వంతు. "షి మిస్డ్ ద బస్. షి రీచ్డ్ ఆన్ టైమ్." ఈ రెండింటినీ ముందు బట్‌తో, తర్వాత ఆల్‌దోతో, ఆపైన డిస్పైట్‌తో కలిపి కాగితం మీద రాసి, పైకి చదవండి. డిస్పైట్ దగ్గర మిస్డ్ అనే మాట రూపం మారాలి. ఎలా మారుతుందో 5వ పాఠం మొదట్లోనే చూద్దాం.