త్రీ జా చక్‌లో జాబ్ ఊగుతోందా?

లేత్‌లో జాబ్‌ని (పని చేసే ముక్కని) మూడు జాలతో, అంటే దవడలతో పట్టేదే త్రీ జా చక్. అందులో బుష్‌కి (గొట్టం లాంటి ముక్కకి) లోపల బోరు వేసి, తిప్పి పట్టి బయట టర్నింగ్ కొడితే ఒక పక్క గోడ మందంగా, ఇంకో పక్క పల్చగా వస్తోంది. అందరూ ముందు లేత్‌ని తిడతారు. చక్ విప్పి స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) ముక్కు, బ్యాక్ ప్లేట్ (చక్ వెనక పళ్లెం) గుడ్డపెట్టి తుడిచారా? అక్కడ సన్న చిప్పు ఒక్కటి ఇరుక్కున్నా, విశాఖ ఉప్పుగాలికి తుప్పు పొర లేచినా చక్ మొత్తం వంకరగా కూర్చుంటుంది. జాలు 1, 2, 3 వరసలోనే ఎక్కించారో లేదో కూడా చూడండి.

తర్వాత డయల్ గేజ్ (ఊగుడుని ముల్లుతో చూపే కొలత పరికరం). జాల పక్కనే ఒకసారి, 100 మి.మీ. ఇవతల ఇంకోసారి వేయాలి. ఒక్కచోట చూస్తే ఏమీ తెలియదు.

రెండుచోట్లా ఒకేలా 0.05–0.08 మి.మీ. చూపిస్తే అది త్రీ జా సహజ గుణం, వదిలేయండి. అంతకన్నా నిక్కచ్చిగా కావాలంటే ఫోర్ జా చక్, అందులో ఒక్కో జాని విడిగా జరపొచ్చు. డయల్ 0.10 ఊగితే సెంటర్ తప్పింది 0.05 మాత్రమే, జరపాల్సిందీ అంతే.

దగ్గర తక్కువ, దూరాన ఎక్కువ ఊగితేనే అసలు తంటా. జాబ్ వదులు చేసి 120 డిగ్రీలు తిప్పి పట్టండి. డయల్ ఎక్కువ చూపే ఎత్తు చోటు జాబ్‌తో పాటు తిరిగితే రాడ్డే వంకర. అదే జా దగ్గర ఆగిపోతే చక్‌దే తప్పు. చక్ ముఖం మీద డయల్ కదలకపోతే, జాలు గంట మూతిలా అరిగాయన్నమాట. ఏళ్ల తరబడి పొట్టి ముక్కల్ని జాల కొసతో పడితే ముందు భాగం అరిగి, పట్టు వెనక మాత్రమే మిగులుతుంది. టూల్ తగలగానే జాబ్ పక్కకి ఒరుగుతుంది, పట్టిన ప్రతిసారీ రీడింగ్ మారుతుంది. గ్రైండింగ్ చేసిన రాడ్డు పట్టి, జా ముందు అంచు కింద 0.03 మి.మీ. ఫీలర్ (సన్న రేకు గేజ్) దూర్చి చూడండి. మూడింటి కిందా దూరితే ఇక అనుమానం లేదు. చక్ కీకి పైపు తగిలించి బిగిస్తే స్క్రోల్ (మూడు జాల్నీ ఒకేసారి జరిపే లోపలి చుట్టుగాడి పళ్లెం) కూడా పాడవుతుంది.

మందు, టూల్‌పోస్ట్ గ్రైండర్‌తో (టూల్ బిగించే చోట పెట్టే చిన్న గ్రైండర్) జాలు గ్రైండ్ చేయడం. అప్పుడు జాలు లోపలికే బిగిసి ఉండాలి. జాల్ని బయటికి తెరిచి రింగుకి ఒత్తి పడితే స్క్రోల్ ఆట (వదులు) అటు తిరిగి, చేసిందంతా వృథా. బెడ్ మీద తడిగుడ్డ కప్పండి, గ్రైండింగ్ రాతి పొడి పడితే బెడ్ అరుగుతుంది. గ్రైండర్ లేకపోతే, రెండు ముక్కల జాలున్న చక్‌కి సాఫ్ట్ జాలు (కోయడానికి వీలైన మెత్తటి జాలు) వేసి జాబ్ సైజుకి బోరు చేయండి.

హార్బర్ నుంచి వచ్చే బోటు షాఫ్ట్ స్లీవులకైతే ఈ గొడవంతా ఎందుకు? బోరు, బయటి డయా ఒకే పట్టులో తీసి కట్ చేయండి. చక్ ఎంత తప్పున్నా ఆ రెండూ ఒకదానికొకటి తప్పవు.

స్పిండిల్ బేరింగ్ అనుమానం చివర్లో. స్పిండిల్ లోపలి టేపర్ రంధ్రంలో డయల్ 0.01 మి.మీ. దాటకపోతే దాని జోలికి పోవద్దు.

గ్రైండ్ చేశాక రెండు డయాల మీద చూడండి. 30 మి.మీ. దగ్గర సరిచేసినది 60 దగ్గర మళ్లీ కొంచెం తప్పొచ్చు, స్క్రోల్ అన్నిచోట్లా ఒకేలా అరగదు.