అప్పడాల కర్రంత చవక సిగార్: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

అమెరికాలో ఉంటూ అప్పుడప్పుడు సిగార్ కాల్చే మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ కట్ట కొంటారు. ఇరవై సిగార్లు, ఒక్కోటి రెండు మూడు డాలర్లు, పట్టుకుంటే అప్పడాల కర్రలా ఉంటుంది, ఇంత పెద్దది ఇంత తక్కువకా అని మనసు లాగేస్తుంది. నేనూ కొన్నాను. వచ్చిన రోజే ఒకటి వెలిగించి, పావుగంట దానితో కుస్తీ పట్టి, థూ అనుకుని, మిగతావి ఒక డబ్బాలో హ్యూమిడిటీ ప్యాక్‌తో (డబ్బాలో గాలి తేమని ఒక శాతం దగ్గర నిలిపి ఉంచే చిన్న పొట్లం) పాటు పడేసి మర్చిపోయాను. రెండు నెలల తర్వాత ఇంట్లో ఇంకేం లేక మళ్ళీ అందులోంచే ఒకటి తీశాను. అదే కట్ట, అదే సిగార్, ఈసారి బాగానే ఉంది. అప్పటినుంచి నా లెక్క ఒకటే: ఈ లావు సిగార్లలో మనం తిట్టే తప్పుల్లో సగానికి పైగా తేమవి, మన తొందరవి. మిగతావే సిగార్‌వి.

ముందు సైజు సంగతి. కట్ట మీద 6x60 అని ఉంటే ఆరు అంగుళాల పొడవు, 60 రింగ్ గేజ్. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 60 అన్నమాట, దాదాపు 24 మిల్లీమీటర్ల మందం. రోబస్టో అనే మామూలు సైజు 5x50. పెద్ద తేడా లేదే అనిపిస్తుంది కానీ, మందం ఐదో వంతు పెరిగితే లోపల ఆకు పట్టే చోటు 44 శాతం పెరుగుతుంది, పొడవు కూడా కలిపితే పొగాకు 70 శాతం పైగా ఎక్కువ. ర్యాపర్, అంటే రుచిలో పెద్ద వాటా ఉండే పై ఆకు, అంత పెరగదు. కింద చెప్పే గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

లాగితే పొగ రావట్లేదు

పదిలో ఏడు సార్లు లోపల తడి ఎక్కువ. లావు సిగార్ పైపైన ఆరినట్టు కనిపించినా నడుములో తేమ పట్టుకునే ఉంటుంది, పైగా చాలామంది 69 శాతం ప్యాక్ వేసి వదిలేస్తారు. నేను వీటికి 62 వాడతాను, 65 కూడా పరవాలేదు. టైమ్ లేకపోతే సెలోఫేన్ తీసేసి ఖాళీ చెక్క డబ్బాలో ఒకటి రెండు రోజులు ఉంచండి, చాలు.

మా తాత లంక పొగాకు చుట్టని వెలిగించే ముందు చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో మెల్లగా నొక్కేవాడు. చిన్న చప్పుడు రావాలి. రాకపోతే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసేవాడు. గోదావరి లంకల్లో పండిన ఆకుకి ఆయన పెట్టిన పరీక్ష సిగార్లలోని నికరాగువా ఆకుకీ పనిచేస్తుంది, తేమ కొలిచే హైగ్రోమీటర్ కొనే ముందు ఇది చేసి చూడండి. మరీ ఫెళఫెళ అంటే మాత్రం అతిగా ఎండిందని.

నొక్కినప్పుడు ఒకే చోట రాయిలా గట్టిగా తగిలితే అది చుట్టడంలో తప్పు, ఆకులు మెలిపడ్డాయి. సన్నటి డ్రా పోకర్‌తో, అంటే సిగార్ లోపలికి దూర్చే పుల్లతో, ఆ ముడి దాకా పొడిచి చూడండి, కుదరకపోతే వదిలేయండి. ఇంకో చిన్న కారణం కట్, అంటే నోట్లో పెట్టుకునే కొనని తెరిచే తీరు. 60 గేజ్‌కి చిన్న పంచ్‌తో ఒక బెజ్జం పెడితే స్ట్రా పెట్టి మిల్క్‌షేక్ తాగినట్టే. వి-కట్ (V ఆకారంలో గాటు) గానీ, నేరుగా కోయడం గానీ మేలు.

గాలి పీల్చినట్టు ఉంది, నోరు కాలుతోంది

ఇది పైదానికి తిరగబడ్డ కేసు. ఆకు తక్కువ కూరారు, లేదా లోపల పొడవాటి ఆకుల బదులు తరిగిన ముక్కలే ఉన్నాయి. చవక కట్టల్లో ఇది మామూలే, నోట్లోకి నుసి వస్తుంటే అనుమానం అక్కర్లేదు, ముక్కలే. ఇలాంటివాటికి పంచే బెస్ట్. దమ్ముకీ దమ్ముకీ మధ్య నిమిషం పైనే ఆగండి. బూడిద ఒళ్ళో రాలడానికీ కారణం ఇదే, దానికి మందు లేదు, పాత ప్యాంటు వేసుకోండి.

ఒక పక్కే కాలుతోంది, లేదా మధ్యలో సొరంగం పడుతోంది

ఒక పక్కే కాలితే ముందు మన వెలిగించడాన్నే అనుమానించాలి. ఇంత వెడల్పు ముఖానికి ఒంటి మంట టార్చ్ లైటర్‌తో అయిదు సెకన్లు పెడితే ఒక మూలే అంటుకుంటుంది. మంటకి కాస్త దూరంగా పట్టి, తిప్పుతూ, మొత్తం అంచు నల్లబడి ఎర్రగా రాజుకునేదాకా నిమిషం పట్టినా పరవాలేదు. ఆ తర్వాత వెనకబడ్డ వైపు లైటర్‌తో చిన్నగా తాకిస్తే సరిపోతుంది, గాలికి ఎదురుగా కూర్చున్నారేమో కూడా చూసుకోండి.

సొరంగం వేరు. లోపలి ఆకు ముందు కాలిపోయి పై ఆకు అలాగే నిలబడుతుంది, సాధారణంగా పై ఆకు తడిగానో మరీ దళసరిగానో ఉన్నప్పుడు. బూడిద దులిపి, నిలబడ్డ ర్యాపర్‌ని లోపలి నిప్పు మట్టం దాకా కాల్చేయండి. ఒకే సిగార్‌లో రెండు మూడుసార్లు ఇలా అయితే ఆ కట్టని మళ్ళీ ఆరబెట్టాల్సిందే.

మధ్యలో ఆరిపోతే మళ్ళీ వెలిగించే ముందు ఒకసారి సిగార్‌లోంచి బయటికి ఊదండి, లోపల చచ్చిన పొగ పోతుంది. గంట దాటితే నేనైతే ముట్టుకోను.

చేదు, ఘాటు, తల తిరగడం

చేదుకి మొదటి కారణం తొందర. సిగరెట్ లాగినట్టు లాగితే నిప్పు వేడెక్కి ఎంత మంచి ఆకైనా మాడిన తారు రుచి ఇస్తుంది. సిగార్ పీక దగ్గర జిగురుగా గోధుమరంగు చుక్క కనిపిస్తే అది తారే, మూడు మిల్లీమీటర్లు కోసి తుడిచేయండి.

వెలిగించకముందే ముక్కు మండే అమ్మోనియా వాసన వస్తే కథ వేరు. ఆకుని సరిగ్గా పులియబెట్టకుండా తొందరపడి చుట్టేశారు. కొన్ని నెలలు డబ్బాలో ఉంచితే తగ్గచ్చు. నా డబ్బాలో జరిగింది కొంత తేమ తగ్గడం, కొంత ఇదీ అనుకుంటాను. ఆర్నెల్లకీ తగ్గకపోతే పారేయండి.

తల తిరిగి, చెమట పట్టి, వికారంగా ఉంటే అది నికోటిన్. పొగ మింగకపోయినా సరే, సిగార్ పొగ నుంచి నికోటిన్ నోటి చర్మం ద్వారానే ఎక్కుతుంది. ఆపేసి కూర్చుని, నీళ్ళు తాగి, ఏదైనా తీపి తినండి, ఖాళీ కడుపుతో మాత్రం మళ్ళీ ముట్టుకోవద్దు. ఇంత పెద్దది కొన్నాం కదా అని చివరిదాకా కాల్చాలనే రూలేం లేదు, నేను సగంలో వదిలేస్తాను. నోటి క్యాన్సర్ రిస్క్‌కి మాత్రం ఇక్కడ చెప్పే చిట్కాలేవీ పనిచేయవు.

సన్నటి బెజ్జాలు కనిపిస్తున్నాయి

పొగాకు పురుగు. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్‌లో పెడితే ఇదే గతి, 25 డిగ్రీలు దాటితే గుడ్లు పొదిగే ఛాన్స్ పెరుగుతుంది. బెజ్జం పడ్డవి తీసేసి, మిగతావి జిప్‌లాక్‌లో మూడు రోజులు ఫ్రీజర్‌లో, తర్వాత ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీయండి. నేరుగా వేడిలోకి తీస్తే ర్యాపర్ పగులుతుంది.

మరి బాగుందా లేదా ఎలా చెప్పాలి

ఒక్కటి కాల్చి తీర్పు ఇవ్వద్దు. చవక కట్టలో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు, అదే వాటి పెద్ద లోపం. ఆరబెట్టినవి మూడు, వేరే వేరే రోజుల్లో, తిన్నాక కాల్చండి. మూడింటిలో రెండు బిగుసుకుపోతే అప్పుడు చుట్టినవాళ్ళని తిట్టచ్చు. మొదటి అంగుళాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, మధ్య భాగమే అసలు రుచి. అక్కడ కూడా చప్పగా, ఎండుగడ్డిలా ఉంటే ఆకే అంత. అదే కంపెనీది అదే ఆకుతో 5x50 దొరికితే పక్కపక్కన కాల్చి చూడండి, నాకైతే ప్రతిసారీ చిన్నదే నచ్చింది, దవడ కూడా నొప్పి పుట్టదు.

నా కట్టలో ఇంకా ఏడున్నాయి. లాన్‌లో గడ్డి కోసేటప్పుడు ఒకటి నోట్లో పెట్టుకుంటాను, వెనక కంచె దాకా వెళ్ళేసరికి ఎలాగూ ఆరిపోతుంది.