డిస్కు నిండింది, ఫైళ్లు మాత్రం కనబడలేదు

మా ఇంట్లో లినక్స్ సర్వర్ రూట్ డిస్కు (సిస్టమ్ ఉండే ప్రధాన డిస్కు) నిండిపోయింది. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ 110 జీబీ వాడారంటుంది, కనబడే ఫైళ్ల సైజులు కూడే డీయూ కమాండ్‌తో లెక్కేస్తే 40 దాటదు. రాత్రంతా వెతికాను. ఎప్పుడో యూఎస్‌బీ డిస్కు మౌంట్ కాకుండానే (అంటే దాని డైరెక్టరీకి తగిలించకుండానే) బ్యాకప్ నడిచి, రూట్ డిస్కులోనే ఎంఎన్‌టీ (/mnt) కింద ఉన్న ఉత్త డైరెక్టరీలోకి రాసేసింది. తర్వాత డిస్కు మౌంటయ్యేసరికి ఆ ఫైళ్లు దాని కింద పడి కనబడకుండా పోయాయి. రూట్‌ను ఇంకోచోట బైండ్ మౌంట్ చేయగానే, అంటే అదే డిస్కును రెండో డైరెక్టరీలో కూడా కనబడేలా చేయగానే, అన్నీ బయటపడ్డాయి!

అవి తీసేసి పద్ధతి మార్చాను. లినక్స్‌లో ఏ డైరెక్టరీ దేనికో చెప్పే ప్రమాణం ప్రకారం ఎంఎన్‌టీ తాత్కాలిక మౌంట్లకే. కాబట్టి బ్యాకప్ డిస్కుకు ఎస్‌ఆర్‌వీ (/srv) కింద సొంత డైరెక్టరీ ఇచ్చి, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో దాని యూయూఐడీతో (డిస్కు సొంత గుర్తింపు కోడ్) రాశాను. అసలు మందు ఇది: డిస్కు అన్‌మౌంట్ చేసి, ఆ ఖాళీ డైరెక్టరీకి సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ (chattr +i, మార్పులు జరగకుండా తాళం వేసే కమాండ్) పెట్టాను. ఇప్పుడు డిస్కు లేకపోతే రూట్ యూజర్‌కైనా (సిస్టమ్‌పై పూర్తి అధికారం ఉన్న ఖాతా) అందులో రాయడం కుదరదు, బ్యాకప్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.