పండుగ తగ్గింపుల్లో ల్యాప్‌టాప్ కొనాలా, కొత్త మోడల్ కోసం ఆగాలా: జాగ్రత్తలు

దసరా, దీపావళి తగ్గింపులు దగ్గరపడ్డాయి. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు కంప్యూటర్ వాడే తాత్కాలిక మెమరీ) తర్వాత పెంచుకునే వీలుందో లేదో ముందే అడగండి. అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పలుచటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన సర్క్యూట్ పలకకు) ఊడదీయలేకుండా సోల్డర్ చేసేస్తారు. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. నాలుగైదేళ్లు వాడాలంటే 16 తీసుకోండి. మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస ర్యామ్‌ను ఆపిల్ 2024 అక్టోబరులో 16 జీబీకి పెంచింది. అంతకుముందటి సరుకు చవకగా కనిపిస్తే, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చదవండి.

• పాతది మూత తెరవగానే కీలు దగ్గర కిర్రుమంటోందా, ఛార్జర్ తీయగానే ఆరిపోతోందా? అయితే ఆగకండి. పరీక్షల వారంలో మొరాయిస్తే దొరికిన ధరకే కొనాలి. ఫైళ్లు మాత్రం ఇవాళే వేరే డ్రైవులోకి ఎక్కించండి, దయచేసి.

• విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ కంప్యూటర్ విండోస్ 11కు అర్హమైతే ఉచితంగా మారవచ్చు, కొనే తొందరే ఉండదు.

• కొత్త మోడల్ తేదీని కంపెనీయే ప్రకటించి, అది నెలలోపే ఉంటే ఆగండి. సాధారణంగా పాత మోడల్ ధరైనా దిగుతుంది. వదంతులను నమ్మి మాత్రం ఆగవద్దు.

• ప్రాసెసర్ దగ్గర ‘ఐ5’ (ఇంటెల్ చిప్‌ల్లో ఒక శ్రేణి) అని మాత్రమే రాస్తే ఏ తరానిదో అడగండి. ఐదేళ్ల నాటిదీ ఐ5యే.